గెలుపు గుర్రాన్ని గుర్తించడం ఎలా? అమెరికా అధ్యక్ష ప్రైమరీలో ఓటు వేసేవారి కోసం

2028 నవంబరు 7న అమెరికాలో అధ్యక్ష ఎన్నిక జరుగుతుంది. 1951లో అమలులోకి వచ్చిన 22వ రాజ్యాంగ సవరణ ప్రకారం రెండుసార్లు ఎన్నికైనవారు మూడోసారి ఎన్నిక కావడానికి వీలు లేదు. కాబట్టి ట్రంప్ తరువాత ఎవరు అన్న ప్రశ్న రిపబ్లికన్ల ముందుంది, ట్రంప్ పార్టీని ఓడించగలిగేది ఎవరు అన్న ప్రశ్న డెమోక్రాట్ల ముందుంది. మీరు ఏ పార్టీ వారైనా, ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, మీ చేతిలో ఉన్న ఓటు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఓటే. దాన్ని ఎలా వాడాలో నాకు తెలిసినంతలో, వరుసగా చెబుతాను.

ముందు రెండు పేర్లు రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి. ఎడమవైపు, అధ్యక్షులుగా మీరు మనసారా చూడాలనుకుంటున్నవారి పేరు రాయండి. కుడివైపు ఖాళీ వదలండి. ఈ వ్యాసం పూర్తయ్యాక, కొన్ని వారాలు గమనించాక, నవంబరులో గెలవగలరని మీకు నమ్మకం కుదిరినవారి పేరు అక్కడ రాయాలి. రెండు చోట్లా ఒకే పేరు వస్తే సంతోషం. రాకపోతే ఎవరికి ఓటు వేయాలన్నది మీ ఇష్టం, అందులో నేను జోక్యం చేసుకోను. కానీ నచ్చినవారే నెగ్గుతారని మనసు చెప్పే మాటను లెక్కగా తీసుకోవద్దు. ప్రైమరీల్లో జరిగే పొరపాట్లలో సగం అక్కడే మొదలవుతాయి.

ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. ఒక ఎన్నికల ఏడాది నేను పెన్సిల్వేనియాలోని ఒక చిన్న పట్టణంలో ఇంటింటి ప్రచారానికి వెళ్ళాను. చేతిలో ప్రచార బృందం ఇచ్చిన కాగితం ఉంది. అభ్యర్థి బాల్యం, చదువు, సాధించిన పదవులు అన్నీ అందులో ఉన్నాయి. ఒక పెద్దాయన దోమతెర తలుపు సగమే తెరిచి, రెండు వాక్యాలు విని, "ఆ వివరాలు నాకెందుకు? మా ఊళ్ళో ఆసుపత్రి మూతపడింది. నా భార్యను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలంటే గంట ప్రయాణం. దాని గురించి మీవాళ్ళు ఏమంటున్నారు?" అని అడిగారు. కాగితం అటూ ఇటూ తిప్పాను. ఆసుపత్రి మాట ఎక్కడా లేదు. ఆయన మర్యాదగానే తలుపు వేసుకున్నారు. మేము ఆ అభ్యర్థిని ఎందుకు ఇష్టపడ్డామో ఆ కాగితం నిండా ఉంది, ఆయన ఎందుకు ఓటు వేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ రోజు నుంచి ఏ అభ్యర్థి పేరు విన్నా, ఆ తలుపు దగ్గర నిలబడి వీరు ఏం చెప్పగలరు అన్నదే నా మొదటి ప్రశ్న.

270 లెక్క

దేశమంతా కలిపి ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారు అధ్యక్షులు కారు. రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 రావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగిలిన అన్ని రాష్ట్రాల్లోనూ, రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచినవారికే అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ వెళతాయి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశవ్యాప్తంగా 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి, అయినా ఓడిపోయారు. మిషిగన్‌ను ఆమె పోగొట్టుకున్నది పదకొండు వేల లోపు ఓట్ల తేడాతోనే.

ఈ మధ్య ఎన్నికలను నిర్ణయిస్తున్నవి ఏడు రాష్ట్రాలు: పెన్సిల్వేనియా (19 ఎలక్టోరల్ ఓట్లు), జార్జియా (16), నార్త్ కరోలినా (16), మిషిగన్ (15), అరిజోనా (11), విస్కాన్సిన్ (10), నెవాడా (6). 2024లో ఏడింటినీ ట్రంప్ గెలుచుకున్నారు, 312 వచ్చాయి. కమలా హారిస్‌కు వచ్చినవి 226. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ ఈ మూడూ ఆమె వైపు మొగ్గి ఉంటే 44 కలిసి సరిగ్గా 270 అయ్యేవి. పదిహేను కోట్లకు పైగా ఓట్లు పోలైన ఎన్నికలో ఆ మూడు రాష్ట్రాల తేడా మొత్తం కలిపినా సుమారు 2 లక్షల 30 వేలు. 2020లో తేడా ఇంకా సన్నం. అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో దాదాపు 43 వేల ఓట్లు బైడెన్‌కు ఎక్కువ వచ్చాయి. అవి లేకపోతే ఇద్దరికీ చెరి 269 వచ్చి ఆగేది.

అందువల్ల ఒక అభ్యర్థి సభకు కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో వేలాదిమంది వచ్చారన్న వార్త మీ కాగితంలోకి ఎక్కనవసరం లేదు. ఈ ఏడు రాష్ట్రాల పేర్లు రాసుకుని, ఒక్కొక్కదాని ఎదురుగా, ఈ అభ్యర్థి ఇక్కడ గతంలో మన పార్టీకి వేయని ఎవరిని తీసుకురాగలరు అని రాయండి. జవాబు తట్టకపోతే ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే.

ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. మన పార్టీ వైపున్నా ఓటు వేయడానికి వెళ్ళని మనిషిని బయటికి రప్పిస్తే మనకు ఒక ఓటు పెరుగుతుంది. అవతలి పార్టీకి వేసే మనిషిని మనవైపు తిప్పుకుంటే వాళ్ళకు ఒకటి తగ్గి మనకు ఒకటి పెరుగుతుంది, అంటే తేడా రెండు. సొంతవాళ్ళలో ఉత్సాహం నింపే అభ్యర్థి కావాలా, తటస్థులను ఆకట్టుకునే అభ్యర్థి కావాలా అన్న వాదన ప్రతి ప్రైమరీలోనూ వస్తుంది. రెండూ చేయగలవారు దొరికితే అదృష్టమే. ఒకటే దొరికితే నేను రెండోవారి వైపు మొగ్గుతాను.

మాటలు కాదు, గెలిచిన ఓట్లు చూడండి

అభ్యర్థి బలానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు కాబట్టి ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. చూడవలసింది వట్టి గెలుపోటములు కాదు. అదే చోట, అదే ఏడాది తన పార్టీకి వచ్చిన ఓట్లకన్నా ఈ మనిషికి ఎన్ని ఎక్కువ వచ్చాయి అన్నది.

జార్జియా 2022 ఫలితాలు తెరిచి చూడండి. ఒకే రోజు, ఒకే బ్యాలెట్ మీద గవర్నర్ పదవికి బ్రయాన్ కెంప్, సెనేట్‌కు హెర్షెల్ వాకర్, ఇద్దరూ రిపబ్లికన్లే. కెంప్‌కు 21 లక్షలకు పైగా ఓట్లు వచ్చి సునాయాసంగా గెలిచారు. వాకర్‌కు 19 లక్షల చిల్లర వచ్చి, డిసెంబరులో జరిగిన రెండో విడతలో ఓడిపోయారు. అంటే దాదాపు రెండు లక్షలమంది కెంప్‌కు వేసిన చేత్తో వాకర్‌కు వేయలేదు. అంతమంది ఓటర్లు పార్టీ గుర్తుతో పాటు మనిషిని కూడా చూశారు. ఈ రెండు లక్షలే అభ్యర్థి బలం అంటే. అలాగే 2020లో మెయిన్‌లో బైడెన్ సుమారు 9 పాయింట్ల తేడాతో గెలిస్తే, అదే రోజు రిపబ్లికన్ సెనేటర్ సూజన్ కాలిన్స్ 8 పాయింట్లకు పైగా తేడాతో గెలిచారు. తన పార్టీ అధ్యక్ష అభ్యర్థికన్నా ఆమె 17 పాయింట్లకు పైగా మెరుగ్గా నిలిచారు.

మీ జాబితాలోని ప్రతి పేరుకూ ఈ లెక్క వేయండి. రాష్ట్ర ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో జిల్లాల (అక్కడ కౌంటీలు అంటారు) వారీగా ఫలితాలు ఉంటాయి. గ్రామీణ జిల్లాల్లో ఓడినా ఎంత తక్కువ తేడాతో ఓడారో కూడా చూడండి. 80–20గా పోవలసిన చోటును 70–30కి తెచ్చినవారు పైకి కనబడకుండానే వేల ఓట్లు సంపాదించినట్టు.

అయితే ఈ లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. టెన్నెసీలో డెమోక్రాట్ ఫిల్ బ్రెడసన్ 2006లో రెండోసారి గవర్నర్‌గా ఎన్నికైనప్పుడు రాష్ట్రంలోని 95 కౌంటీలనూ గెలుచుకున్నారు. 2018లో అదే రాష్ట్రంలో సెనేట్‌కు పోటీ చేసి దాదాపు 11 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. మోంటానాలో ట్రంప్ గాలి వీచిన 2016లో కూడా గవర్నర్‌గా గెలిచిన డెమోక్రాట్ స్టీవ్ బుల్లక్ 2020 సెనేట్ పోటీలో 10 పాయింట్లతో ఓడారు. మేరీలాండ్‌లో రెండుసార్లు గవర్నర్‌గా నెగ్గిన రిపబ్లికన్ లారీ హోగన్‌కూ 2024 సెనేట్ ఎన్నికలో అదే అనుభవం ఎదురైంది. గవర్నర్‌ను ఎన్నుకునేటప్పుడు రోడ్లు, బడులు, తుపాను వచ్చినప్పుడు పనిచేసిన తీరు చూసి ఓటు వేస్తారు. వాషింగ్టన్‌కు పంపేటప్పుడు మాత్రం అక్కడ ఏ పార్టీ చేతిలో అధికారం ఉండాలన్నది ముందుకు వస్తుంది. అధ్యక్ష ఎన్నిక ఈ రెండో రకానిది. అందుకే గవర్నర్ ఎన్నికలో వచ్చిన భారీ మెజారిటీకి నేను సగం విలువే కడతాను, సెనేట్ పోటీలో చూపిన మెరుగుదలకు ఎక్కువ కడతాను. ఎదుటి అభ్యర్థి ఎంత బలహీనుడో కూడా తీసివేయాలి. డెమోక్రాట్ జోష్ షాపిరో 2022లో పెన్సిల్వేనియా గవర్నర్ ఎన్నికను దాదాపు 15 పాయింట్లతో గెలిచారు. ఆయన సత్తా నిజమే, కానీ సొంత పార్టీలోనే చాలామందికి మింగుడుపడని రిపబ్లికన్ డగ్ మాస్ట్రియానో ఎదురుగా ఉండటం కూడా అంతే నిజం.

"ఇలాంటివారికి ఓటు వేయరు" అనే మాట

బలమైన అభ్యర్థి గురించి మాట్లాడుకునే ప్రతి చోటా ఈ మాట వినబడుతుంది. ఆడవారికి వేయరు, నల్లవారికి వేయరు, ఆ మతంవారికి వేయరు, మన రంగువారికి అసలే వేయరు. చెప్పేవారు తమ గురించి చెప్పుకోరు, ఎప్పుడూ పక్కింటివారి మనసు గురించే చెబుతారు. దీన్ని మీ కాగితంలోకి రానివ్వకండి.

1960లో పోటీకి దిగిన జాన్ కెన్నెడీ కాథలిక్. అంతకుముందు 1928లో పోటీ చేసిన కాథలిక్ అల్ స్మిత్ ఘోరంగా ఓడిపోయారు కాబట్టి ఇక ఆ ప్రయత్నం దండగ అని పార్టీ పెద్దలు చాలామంది అనుకున్నారు. కెన్నెడీ వారితో వాదనకు దిగలేదు. ప్రొటెస్టంట్లు అత్యధికంగా ఉన్న వెస్ట్ వర్జీనియాకు వెళ్ళి, గని కార్మికుల మధ్య తిరిగి, తన మతం గురించి తానే ఎత్తి మాట్లాడి, మే 10న అక్కడి ప్రైమరీని 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. దాంతో ఆ చర్చ చాలావరకు చల్లబడింది. 2008 జనవరి 3న ఒబామా తొంభై శాతానికి పైగా తెల్లవారున్న అయోవాలో గెలిచేవరకు, ఆయనను ఇష్టపడే నల్లజాతి ఓటర్లలోనే ఎందరో తెల్లవాళ్ళు వేస్తారా అని సందేహించారు. ఇద్దరి విషయంలోనూ సందేహాన్ని తీర్చింది పోలైన ఓట్లే. కాబట్టి మీరు ఎదురుచూడవలసిందీ వాటి కోసమే. తమవారు కాని ఓటర్ల మధ్యకు వెళ్ళి గెలిచి చూపించారా, లేదా?

సర్వేలు, డబ్బు

ఏడాది ముందు వచ్చే సర్వేలు కొలిచేది పేరుకున్న పరిచయాన్నే. 2007లో ఎక్కువ కాలం రిపబ్లికన్లలో రూడీ జూలియానీ, డెమోక్రాట్లలో హిల్లరీ క్లింటన్ ముందున్నారు. టికెట్ దక్కింది మెకెయిన్‌కు, ఒబామాకు. అవతలి పార్టీ అభ్యర్థితో ముఖాముఖి సర్వేలు కూడా అంతే. 1988 జులైలో డెమోక్రాట్ డుకాకిస్ రిపబ్లికన్ పెద్ద బుష్ (జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్) కన్నా 17 పాయింట్లు ముందున్నారని ఒక సర్వే చెప్పింది, నవంబరులో డుకాకిస్ 40 రాష్ట్రాలు ఓడిపోయారు. సర్వేలో ఒక్క అంకె మాత్రం ముందునుంచే పనికివస్తుంది: ఈ అభ్యర్థి మీద మంచి అభిప్రాయం లేనివారు ఎందరు, అసలు తెలియనివారు ఎందరు. తెలియనివారికి పరిచయం చేయవచ్చు. తెలిసి తెలిసి ఇష్టపడనివారిని మార్చడం చాలా కష్టం.

డబ్బు లేకుండా ఎవరూ నిలబడలేరు, కానీ డబ్బు ఎవరినీ నిలబెట్టలేదు. 2016లో రిపబ్లికన్ జెబ్ బుష్ తరఫు సంస్థ పది కోట్ల డాలర్లకు పైగా సేకరించినా ఆయన ఫిబ్రవరిలోనే తప్పుకున్నారు. 2020 డెమోక్రాట్ల పోటీలో మైఖేల్ బ్లూంబర్గ్ దాదాపు వంద కోట్ల డాలర్ల సొంత డబ్బు ఖర్చు చేసి గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే. ఫెడరల్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ప్రతి అభ్యర్థి లెక్కలూ ఉంటాయి. అందులో మొత్తం కన్నా చిన్న విరాళాల వాటా చూడండి. ఇరవై డాలర్లు ఇచ్చినవారు మళ్ళీ ఇస్తారు, ఇల్లిల్లూ తిరుగుతారు కూడా.

ఒక గంట వీడియో

చర్చావేదికల మీద వేసే చురకలను లెక్కలోకి తీసుకోకండి. దానికి బదులు అభ్యర్థి సామాన్య ఓటర్ల ప్రశ్నలకు జవాబులు చెప్పిన టౌన్ హాల్ సమావేశం ఒకటి పూర్తిగా, ముక్కలు కానిది, చూడండి. తమకు అనుకూలం కాని చోట జరిగినదైతే మరీ మంచిది. పక్కన కాగితం పెట్టుకోండి. ఎవరైనా కోపంగా అడిగినప్పుడు అభ్యర్థి చూపు ఆ మనిషి మీద ఉందా, కెమెరా మీద ఉందా? అడిగినదానికే జవాబు వచ్చిందా, కంఠస్థం చేసిన ప్రసంగం వచ్చిందా? నాకు తెలియదు అనవలసిన చోట అనగలిగారా? జవాబు విన్నాక ప్రశ్న అడిగినవారి ముఖం చూడండి. కెమెరా ఒక్క క్షణం వారి మీద ఆగుతుంది. ఒప్పుకోకపోయినా, నా మాట విన్నారు అనిపించిన ముఖం వేరుగా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడానికి నిపుణులు అక్కర్లేదు.

ఆ తరువాత అవతలి పార్టీకి ఓటు వేసే స్నేహితులకో సహోద్యోగికో ఆ వీడియోలో పది నిమిషాలు చూపించండి. వాదించకండి, ఒప్పించకండి. ఎలా ఉంది అని అడిగి, చెప్పింది రాసుకోండి. మీ పార్టీవారు పదిమంది చెప్పేదానికన్నా ఆ ఒక్కరి మాట విలువైనది.

ఇంటిపోరు

ఓడిన వర్గాలను కలుపుకోలేని అభ్యర్థి నవంబరుకు చేరేసరికి సగం ఓడిపోయి ఉంటారు. 1976లో ఫోర్డ్, 1980లో కార్టర్, 1992లో పెద్ద బుష్, ముగ్గురూ పదవిలో ఉన్న అధ్యక్షులే. ముగ్గురూ ప్రైమరీల్లో సొంత పార్టీవారితోనే గట్టిగా పోరాడవలసి వచ్చింది, ముగ్గురూ ఓడిపోయారు. మీ అభ్యర్థి ప్రత్యర్థుల గురించి ఎలా మాట్లాడుతున్నారో గమనించండి. విధానం మీద ఎంత గట్టిగా విరుచుకుపడినా పరవాలేదు. ఎదుటివారి ఓటర్లను కించపరిస్తే మాత్రం ఆ గాయం మానదు.

ఇక గాలి సంగతి. ధరలు, ఉద్యోగాలు, పదవిలో ఉన్న అధ్యక్షుడి మీద జనాభిప్రాయం, వీటి ముందు అభ్యర్థి బలం కొంతవరకే పనిచేస్తుంది. 1991లో గల్ఫ్ యుద్ధం తరువాత పెద్ద బుష్‌కు జనామోదం 89 శాతానికి చేరింది. ఇక ఆయనను ఓడించలేమని డెమోక్రాట్లలో పెద్దపేర్లు చాలావరకు బరికి దూరంగా ఉండిపోయాయి. బరిలో దిగిన ఆర్కన్సా గవర్నర్ బిల్ క్లింటన్ 1992లో గెలిచారు. ఎప్పుడో వీచబోయే గాలిని ఊహించి మంచి అభ్యర్థిని పక్కన పెట్టకండి.

ఓటు వేసేటప్పుడు

మీ రాష్ట్ర నిబంధనలు ఇప్పుడే చూసుకోండి. పెన్సిల్వేనియా, న్యూయార్క్, ఫ్లోరిడా వంటి చోట్ల ఆ పార్టీ ఓటరుగా ముందే నమోదై ఉంటేనే ప్రైమరీలో ఓటు. టెక్సస్, జార్జియా, మిషిగన్‌లలో పార్టీ నమోదు లేదు, ఆ రోజు ఏదో ఒక పార్టీ ప్రైమరీని ఎంచుకోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఓటు లేదు, విరాళం ఇవ్వవచ్చు. హెచ్‌-1బి వంటి వీసాల మీద ఉన్నవారు విరాళం కూడా ఇవ్వకూడదు, జీతం తీసుకోకుండా ప్రచారంలో సాయపడవచ్చు.

ప్రైమరీ ఓట్లను బట్టి అభ్యర్థులకు డెలిగేట్లు, అంటే పార్టీ అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు, దక్కుతారు. డెమోక్రాట్లలో 15 శాతం ఓట్లు రానివారికి డెలిగేట్లు దక్కరు. రిపబ్లికన్లలో చాలా రాష్ట్రాలు మొదటివారికే అన్నీ, లేదా చాలావరకు, ఇచ్చేస్తాయి. కాబట్టి మీ రాష్ట్రం వంతు వచ్చేసరికి 15 శాతానికి చాలా దూరంలో ఉన్నవారికి వేస్తే, కుడివైపు రాసుకున్న పేరుకు సాయం అందదు.

పోస్టులో ఓటు వేసేవారికి ఒక జాగ్రత్త. 2020 డెమోక్రాట్ల పోటీలో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో ఘనంగా గెలిచారు. ప్రత్యర్థుల్లో మర్నాడు బుటిజెజ్, ఆ మర్నాడు క్లోబచార్ తప్పుకున్నారు. మార్చి 3న పద్నాలుగు రాష్ట్రాల్లో పదింటిని బైడెన్ గెలిచారు. ఆలోపే వీరిద్దరికీ ఓటు వేసి పంపేసినవారు మళ్ళీ వేయలేకపోయారు. గడువులోపు చేరుతుందన్న నమ్మకం ఉన్నంతవరకు కవరు అంటించకుండా ఉంచండి. గడువు దగ్గరపడితే పోస్టును నమ్ముకోకుండా, మీ కౌంటీ అనుమతించే చోట స్వయంగా వెళ్ళి ఇచ్చి రండి.

ఓటు వేశాక ఆ కాగితాన్ని పారేయకండి. నవంబరులో ఫలితాలు వచ్చాక, ఏడు రాష్ట్రాల ఎదురుగా మీరు రాసినదాన్నీ కౌంటీల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ సరిగ్గా ఊహించారు, ఎక్కడ మనసు చెప్పిన మాటను లెక్క అనుకున్నారు, రెండూ కనబడతాయి. దాన్ని మడిచి దాచిపెడితే తరువాతి ప్రైమరీకి పనికివస్తుంది.